పదిహేనేళ్లకు ఒంటిస్తంభం మేడ

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షల మందికి పైగా రాస్తే మూడు లక్షలకు పైగా ఫెయిలయ్యారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే తేల్చింది. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ పడింది. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి పేపరు మళ్లీ చూస్తే 99 ఉన్నాయి. ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ఉచితంగా తిరిగి పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

ఆ గొడవలో అధికారుల నిర్లక్ష్యం గురించి చాలా మాట్లాడుకున్నారు, మాట్లాడుకోవాల్సిందే. దాని వెనక ఇంకో సంగతి ఉంది. చేతికొచ్చిన అంకె తప్పై ఉండొచ్చని అనుమానించాలంటే, ఆ అంకె రాకముందే తానేంటో తనకు కొంత తెలిసి ఉండాలి. నలభై ఏళ్ల మనిషికి జీతం స్లిప్పులో తేడా వస్తే నేరుగా అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి అడుగుతాడు. పదహారేళ్ల పిల్లకు "బాగానే రాశాను కదా" అన్న సొంత జ్ఞాపకం కన్నా స్క్రీన్ మీద కనిపించిన మార్కే ఎక్కువ నిజమనిపిస్తుంది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఒక మాట వినపడుతుంది: ఈ తరం పిల్లలు మరీ సున్నితం, చిన్న మాట కూడా పడరు. మా రోజుల్లో మార్చిలో పోతే సెప్టెంబర్‌కు కట్టేవాళ్లం, అందులోనూ పోతే మళ్లీ మార్చి ఉండనే ఉంది, అని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే ఆ రోజుల్లో ఇంటర్ తప్పిన కుర్రాడికి ఇంకా చాలా ఉండేవి. ఊళ్లో కబడ్డీ జట్టు, నాన్న వెంట పొలం పని, సాయంత్రమైతే అరుగు మీద చేరే స్నేహితులు. ఆ స్నేహితుల్లో కొందరు తామూ తప్పినవాళ్లే. చదువు పోయినా వాడు జట్టులో ఉన్నాడు, ఇంట్లో పనికొస్తున్నాడు, నలుగురిలో నవ్వుతున్నాడు. కాబట్టి పిల్లల మనసు పలచబడిందా అని అడిగేకన్నా, ఆ మనసు ఆనుకోవడానికి ఇప్పుడు ఎన్ని చోట్లు మిగిలాయని అడిగితే విషయం త్వరగా తేలుతుంది.

ముందు ఈ వయసు సంగతి. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి పిల్లలకు ఎదుటివాడి తలలో ఏం నడుస్తోందో ఊహించే శక్తి బాగా పెరుగుతుంది. అదే శక్తి వాళ్ల మీదికే తిరుగుతుంది. అందరూ తన గురించే అనుకుంటున్నారన్న భావన మొదలవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో దీనికి 'ఊహాజనిత ప్రేక్షకులు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ముక్కు మీద మొటిమతో క్లాసులోకి అడుగుపెడితే అరవై జతల కళ్లు ఆ మొటిమ మీదే ఉన్నట్టుంటుంది. జవాబు చెప్పబోయి గొంతు ఒక్కసారి కీచుమంటే, సంవత్సరమంతా అందరూ అదే గుర్తుపెట్టుకుంటారనిపిస్తుంది.

నిజానికి అంతమంది చూడరు. 2000లో అచ్చయిన కార్నెల్ యూనివర్సిటీ ప్రయోగాల్లో థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకు ఒక గాయకుడి బొమ్మ ఉన్న, వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టు తొడిగి గదిలోకి పంపింది. గదిలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది బొమ్మను గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్లు అనుకున్నారు. గమనించింది నాలుగో వంతే. అది కాలేజీ విద్యార్థుల సంగతి. పద్నాలుగేళ్లకు ఈ లెక్క ఇంకెంత తప్పుతుందో ఊహించుకోవచ్చు. "ఎవరూ చూడరులే, పద" అని అమ్మ అనేది అక్షరాలా నిజం. అయినా ఆ మాట పనిచేయదు, ఎందుకంటే చూసేవాళ్లు బయట లేరు, తలలోనే కూర్చున్నారు.

దీనికి మెదడు ఎదుగుదల కూడా తోడవుతుంది. ఉద్వేగాలు, మెప్పు, అవమానం లాంటివాటికి స్పందించే భాగాలు ఈ వయసులో చాలా చురుగ్గా ఉంటాయి. ఆగి ఆలోచించమనే ప్రిఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనక భాగం, పూర్తిగా కుదురుకునేసరికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ఒక డ్రైవింగ్ గేమ్‌తో దీన్ని పరీక్షించారు. స్నేహితులు పక్కన ఉంటే టీనేజీ పిల్లలు తెగించడం బాగా పెరిగింది. ఇరవై నాలుగు దాటినవాళ్లలో ఎవరు చూస్తున్నా పెద్ద తేడా రాలేదు. దీన్ని మెదడులో లోపం అనుకోవడం తొందరపాటు. తోటివాళ్ల కళ్లల్లో తనను చూసుకోవాలన్న ఈ ఆరాటమే పిల్లల్ని అమ్మ కొంగు వదిలించి బయటి ప్రపంచంలోకి నడిపిస్తుంది. కాకపోతే ఆ కళ్లు ఏం కొలుస్తున్నాయన్నది ముఖ్యం.

డెన్వర్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు పిల్లల ఆత్మగౌరవం మీద పనిచేసిన సుసాన్ హార్టర్, టీనేజీలో 'నేను' ఒకటిగా ఉండదని చూపించింది. చదువులో నేను, ఆటల్లో నేను, అద్దంలో నేను, స్నేహితుల్లో నేను, నడవడికలో నేను అంటూ అది చాలా పాయలుగా చీలుతుంది. ఒక పాయ ఎండినా ఇంకొకటి పారుతుంటే పిల్ల నిలబడుతుంది. వీటన్నిటిలో మొత్తం ఆత్మగౌరవంతో ఎక్కువగా ముడిపడి ఉన్నది రూపమని ఆమె పరిశోధనల్లో పదేపదే తేలింది. తెలుగిళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఆడపిల్ల రంగు గురించి పుట్టిన నాటి నుంచి వ్యాఖ్యానం నడుస్తూనే ఉంటుంది. పెళ్లికి వెళ్తే "అక్క తెలుపు, చెల్లి చామనఛాయ" అని ఆ ఇద్దరి ముందే చెప్పుకునే పెద్దమ్మలకు అందులో తప్పేముందో అర్థం కాదు. బక్కోడు, బండోడు, కర్రోడు అన్న పేర్లు మగపిల్లలు నవ్వుతూ భరిస్తారు. నవ్వుతున్నారు కదా అని తగలలేదనుకుంటాం.

అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదిహేను నుంచి పదిహేడేళ్ల మధ్య ఇంకో విచిత్రం జరుగుతుంది. పది పాసైన పిల్లను రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో చేర్పిస్తారు. ఇల్లు దూరమవుతుంది. పదేళ్లుగా తెలిసిన స్నేహితులు తలో క్యాంపస్‌కూ వెళ్లిపోతారు. చాలా క్యాంపస్‌లు అపార్ట్‌మెంట్ లాంటి భవనాలు, గ్రౌండ్ ఉండదు. పాట పాడే పిల్లకు పాడే చోటుండదు, బొమ్మలేసే కుర్రాడి నోట్సు చివరి పేజీలు వార్డెన్ చేతికి చిక్కితే తిట్లు. సంక్రాంతికి మూడు రోజులు ఇస్తే గొప్ప. తెల్లారకముందే లేపి రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్లు. ఒక్కో నియమాన్నీ విడిగా చూస్తే చదువు కోసమే కదా అనిపిస్తుంది. అన్నీ కలిపి చూస్తే, హార్టర్ చెప్పిన పాయలన్నిటికీ ఒకే వేసవిలో అడ్డుకట్ట పడి, చదువులో నేను అన్నది ఒక్కటే మిగులుతుంది. అదీ చదువు కూడా కాదు, ర్యాంకు. కథల్లో రాకుమారిని దాచిన ఒంటిస్తంభం మేడలాగా, పిల్ల తన గురించి అనుకునేదంతా ఒక్క ర్యాంకు మీద నిలబడుతుంది. స్తంభం గట్టిగా ఉన్నన్నాళ్లూ మేడ బాగానే ఉంటుంది, అందుకే ర్యాంకు వచ్చేవాళ్ల తల్లిదండ్రులకు ఇందులో ఏ లోపమూ కనిపించదు.

పైగా ఆ స్తంభం వారం వారం ఊగుతుంటుంది. వారాంతం పరీక్ష, ఒకటి రెండు రోజుల్లో లిస్టు. గోడ మీదో, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోనో, రెండు చోట్లానో. లిస్టులో పేరు, సబ్జెక్టుల వారీగా మార్కులు, సెక్షన్ ర్యాంకు, క్యాంపస్ ర్యాంకు, కొన్నిచోట్ల రాష్ట్రంలోని అన్ని బ్రాంచీలనూ కలిపి ఇంకో ర్యాంకు ఉంటాయి. గోడ దగ్గర గుంపు కడతారు. పై వరసల్లో ఉంటామనుకునేవాళ్లు పైనుంచి చూస్తారు, మిగతావాళ్లు కింది నుంచి పైకి వేలు జరుపుకుంటూ వస్తారు. తన పేరు దొరకగానే ఎవరూ ఆగరు, పక్క బెడ్ వాడిది ఎక్కడుందో చూస్తారు. కొన్ని వారాలకోసారి సెక్షన్లు మారుస్తారు. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కు అప్పుడే చేరినవాళ్లు. కింది సెక్షన్‌కు దింపిన పిల్ల పుస్తకాలు సర్దుకుని అందరూ చూస్తుండగా ఆ గది నుంచి ఈ గదికి నడిచి వెళ్తుంది. ఎల్కైండ్ ఊహాజనిత ప్రేక్షకులన్నాడు. ఇక్కడ ప్రేక్షకులు నిజంగానే ఉన్నారు.

ఆస్ట్రేలియాలో పనిచేసిన హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి దీన్నే పరిశోధించాడు. సమానమైన తెలివి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరిని మామూలు బడిలో, ఒకరిని మెరికల్లాంటి పిల్లలను ఏరి చేర్చుకున్న బడిలో వేస్తే, రెండో పిల్లకు తన చదువు మీద తనకున్న నమ్మకం తగ్గుతుంది. మార్ష్, హౌ కలిసి 2003లో 26 దేశాల్లోని లక్షమందికి పైగా పదిహేనేళ్ల పిల్లల సమాచారంతో చూసినా ఇదే తేలింది. సగటు తెలివి ఉన్నవాళ్లకే కాదు, బాగా చదివేవాళ్లకూ ఈ నష్టం ఉంది. మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా సరిపోతుంది. పదో తరగతిలో టాప్ మార్కులు తెచ్చుకుని ఊరి సెంటర్లో ఫ్లెక్సీ ఎక్కిన పిల్ల, జూన్‌లో అలాంటి ఫ్లెక్సీ పిల్లలే అరవై మంది ఉన్న సెక్షన్‌లో కూర్చుంటుంది. అరవై మందిలో ఎవరో ఒకరు అరవయ్యోవారు కావాల్సిందే, ఎంత బాగా చదివినా లెక్క మారదు. ఆగస్టుకల్లా ఆమె ముప్పై ఎనిమిదో ర్యాంకు. తెలివి ఎక్కడికీ పోలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారంతే. పదిహేనేళ్ల వయసులో ఆ తేడా కనిపించదు. "ఊళ్లో ఏదో నడిచిపోయింది, అసలు నాకు రాదు" అన్నదే మనసులో పడుతుంది.

ఇక ఆదివారం ఫోను. వార్డెన్ దగ్గర క్యూ కట్టి ఐదు నిమిషాలు మాట్లాడాలి, వెనకవాడు త్వరగా కానివ్వమంటుంటాడు.

"తిన్నావా నాన్నా?"

"ఆఁ తిన్నా."

"వీక్లీలో ఎంతొచ్చింది?"

మార్కు చెబితే తర్వాతి ప్రశ్న వచ్చిన మార్కుల గురించి కాదు, పోయినవాటి గురించి. ఫస్టియర్ ఎంపీసీలో 470కి 462 వచ్చినా "ఆ ఎనిమిదీ ఎక్కడ పోయాయిరా" అంటారు. ఇందులో క్రూరత్వం లేదు. ఆ ఐదు నిమిషాల్లో పిల్లాడి గురించి వాళ్లకు అందుబాటులో ఉన్న సమాచారం అదొక్కటే, కాలేజీ మెసేజ్ పంపింది దాని గురించే. ఫీజు కోసం బంగారం కుదువ పెట్టారనో, ఎకరం అమ్మారనో పిల్లలకు తెలుసు. ఎవరూ ఎత్తిపొడవాల్సిన పనిలేదు, నాన్న ఫోన్లో మెత్తగా మాట్లాడినా చాలు, అపరాధ భావం కమ్ముకుంటుంది. తిట్టే తండ్రి మీద కనీసం కోపం తెచ్చుకోవచ్చు. "నువ్వు బాగుంటే చాలమ్మా" అని, ఆ వెంటనే ర్యాంకు అడిగే తండ్రి మీద ఏం తెచ్చుకోవాలో పిల్లకు తెలియదు.

అందుకే ఆ క్యూలో ఎక్కువగా వినిపించే జవాబు "బానే ఉన్నా". ఈ వయసులో దిగులు దిగులులా కనిపించదు. మగపిల్లల్లో అది చిరాకుగా, ఎదురు సమాధానంగా బయటికొస్తుంది. ఆడపిల్లల్లో తలనొప్పి, కడుపునొప్పి, అన్నం సహించకపోవడం. నెలలో మూడుసార్లు కడుపునొప్పని ఇంటికి పంపమన్న పిల్లను 'నాటకాలు' అంటారు. డాక్టర్ స్కానింగ్‌లో ఏమీ లేదంటే ఆ మాటకు బలం చేకూరుతుంది. నొప్పి నిజమే అయి, కారణం మాత్రం కడుపులో లేకపోవచ్చన్న ఆలోచనకు అక్కడ చోటు లేదు.

ఫోన్లే పిల్లల్ని చెడగొట్టాయన్న వాదన ఇక్కడ కొంచెం తడబడుతుంది. ఇన్‌స్టాగ్రామ్ సంగతి కొట్టిపారేయాల్సింది కాదు. 2021లో బయటపడిన ఆ కంపెనీ అంతర్గత పత్రాల్లోనే, తమ శరీరం గురించి బాధగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని 32 శాతం టీనేజీ అమ్మాయిలు చెప్పినట్టు ఉంది. కానీ హాస్టల్ పిల్లల చేతిలో ఫోనే ఉండదు. ఫిల్టర్లు, లైకులు లేని చోట కూడా పోల్చుకోవడం ఇంత పదునుగా ఉందంటే, దాన్ని నడిపేది ఇంకేదో ఉన్నట్టే. ఎన్‌సీఈఆర్‌టీ 2022 జనవరి, మార్చి మధ్య దేశవ్యాప్తంగా ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగితే, తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమన్నవాళ్లు 81 శాతం. హైస్కూలుకు వచ్చేకొద్దీ తమ జీవితం మీద పిల్లలకు తృప్తి తగ్గుతోందని కూడా ఆ సర్వే చెప్పింది.

ఇవేవీ ప్రభుత్వాలకు తెలియనివి కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల మరణాల మీద ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ పనిచేసింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ వేసింది. ఈ రెండు కమిటీల మధ్య పదహారేళ్లు గడిచాయి. అంటే మొదటి కమిటీ నాటికి పుట్టిన పిల్లలు రెండో కమిటీ నాటికి ఇంటర్‌లో ఉన్నారు.

2023 జులైలో విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉండి నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి మరణించింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారనీ, వాటిలో పరీక్ష తప్పడం నేరుగా కారణమైనవి 2,248 అనీ ఆ తీర్పు ప్రస్తావించింది. ఈ రెండో అంకె దగ్గర ఆగాలి. పరీక్ష పోవడం కారణమని నమోదైనవి ఆరింట ఒక వంతే. మిగతావాళ్లలో ఎంతోమంది పాసవుతున్నవాళ్లే అయి ఉండొచ్చు. ఫెయిలైన పిల్లల మీద మాత్రమే కన్నేసి ఉంచితే సరిపోదన్నమాట.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని కోర్టు చెప్పింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో సిగ్గుపడేలా చేయడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం సాధ్యమైనంత వరకు మానాలని కూడా చెప్పింది. రెండింటిలో మొదటిది అమలు చేయడం తేలిక. ఒక గది, ఒక కుర్చీ, తలుపు మీద కౌన్సెలర్ అన్న బోర్డు, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి ఫొటో. పిల్లలు ఆ గదికి వెళ్తారా అన్నది వేరే ప్రశ్న. ఆ తలుపు ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంటే, లోపలికి వెళ్లడం కూడా నలుగురూ చూసే పనే అవుతుంది. రెండోది వ్యాపారం తీరునే ముట్టుకుంటుంది. సెక్షన్ల నిచ్చెన లేకపోతే టాప్ సెక్షన్ ఉండదు, టాప్ సెక్షన్ లేకపోతే టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ఊపిరాడకుండా చదివే ర్యాంకుల ప్రకటన ఉండదు, ప్రకటన లేకపోతే వచ్చే ఏడాది అడ్మిషన్లు ఉండవు. 'సాధ్యమైనంత వరకు' అన్న మాటలో ఎన్ని సెక్షన్లైనా దాక్కోగలవు. నిచ్చెనను అలాగే ఉంచి కౌన్సెలర్‌ను పెడితే, నిచ్చెన మీంచి పడ్డవాళ్లకు కట్టు కట్టడమే ఆ కౌన్సెలర్ ఉద్యోగం.

ఈలోగా ఇళ్లు చేయగలిగింది కొంత ఉంది. స్తంభం ఒక్కటే కాకుండా చూడటం పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. ఫోన్ చేసినప్పుడు వీక్లీ మార్కు అడగకుండా ఐదు నిమిషాలు నడపడం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. చెల్లి స్కూల్లో చేసిన గొడవ, ఊళ్లో జాతర, పిల్ల నాటిన మల్లెతీగ పూసిందన్న కబురు చాలు. పాత స్నేహితులను కలవనివ్వడం, సెలవులకు వచ్చినప్పుడు క్యారమ్స్ బోర్డో షటిల్ బ్యాటో బయటికి తీయడం కూడా ఇందులోకే వస్తాయి. నిద్ర, తిండి, మాట వారాల తరబడి మారిపోతే, లేదా బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా, సరదాగా అన్నా సరే, దాన్ని బెదిరింపుగా తీసుకోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తల్లిదండ్రులూ చేయొచ్చు.

అడ్మిషన్ సీజన్‌లో కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి బ్రోచర్ పరిచినప్పుడు ఏసీ క్యాంపస్సా, నాన్ ఏసీయా, ఫీజులో ఎంత తగ్గిస్తారన్నదాకానే బేరం నడుస్తుంది. అదే కూర్చోవడంలో మూడు ప్రశ్నలు అడగొచ్చు. మార్కుల లిస్టు గోడకు అంటిస్తారా, లేక పిల్ల మార్కులు పిల్లకే చెబుతారా? సెక్షన్లు ఎన్ని వారాలకోసారి మారుస్తారు? రోజులో ఆడుకునే గంట టైమ్‌టేబుల్‌లో రాసి ఉందా? మొదటి రెండిటికీ "పోటీ ఉండాలి కదండీ" అన్న జవాబు వస్తే, ఆ పోటీలో కింది సెక్షన్‌లో పడ్డ పిల్లలతో ఎవరు మాట్లాడతారో, ఎప్పుడు మాట్లాడతారో కూడా ఆయన్నే అడగాలి.